ప్రోటీన్ ఆకారం నుంచి క్యాన్సర్ మందు దాకా

క్యాన్సర్ మందుల్లో చాలావాటి గురి కణంలోని ఏదో ఒక ప్రోటీన్ మీదే ఉంటుంది. ఆ ప్రోటీన్ గొలుసు ఎలా ముడుచుకుంది, దాని మీద గుంటలు ఎక్కడున్నాయి, ఆ గుంటల్లో ఏ పరమాణువు ఎటు తిరిగి ఉంది అన్నది తేల్చే విద్య నిర్మాణ జీవశాస్త్రం. ల్యాబుల్లో దీన్ని స్ట్రక్చరల్ బయాలజీ అనే అంటారు. ఇక్కడి కొలత ఆంగ్‌స్ట్రామ్, అంటే మిల్లీమీటరులో కోటో వంతు. రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో నిర్మాణం దొరికితే మందు అణువు ప్రోటీన్‌లో ఎలా కూర్చుందో గట్టిగా చెప్పవచ్చు. మూడున్నర దాటితే ఊహ పాలు పెరుగుతుంది. నిర్మాణం ఏ ప్రొఫెసర్ పేరుతో వెలువడినా, ప్రోటీన్ తయారు చేసి, శుద్ధి చేసి, దాన్ని స్ఫటికంగా మార్చేది చాలావరకు ఇరవైల్లోనో ముప్పైల తొలినాళ్లలోనో ఉన్న పరిశోధక విద్యార్థులు, పీహెచ్‌డీ ముగించిన కొత్త శాస్త్రవేత్తలు.

తిరుపతిలో ఈ పనికి కావలసిన హంగులు వేర్వేరు చోట్ల ఉన్నాయి. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయన, జీవరసాయన శాఖలున్నాయి. టీటీడీ ఆధ్వర్యంలోని స్విమ్స్‌లో క్యాన్సర్ వైద్యంతో పాటు బయోఇన్ఫర్మాటిక్స్ విభాగం ఉంది. ఐసర్, ఐఐటీ రెండూ 2015లో వచ్చాయి. ఇప్పుడు రెండింటి ప్రాంగణాలూ ఏర్పేడు మండలంలోనే ఉన్నాయి. అలిపిరి దగ్గర టాటా ట్రస్టులు, టీటీడీ కలిసి తలపెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరుచుకుంది. మదనపల్లెలోనో పుత్తూరులోనో బీఎస్సీ చదివిన విద్యార్థికి ఒకప్పుడు ఈ రంగంలోకి దారి మద్రాసు, బెంగళూరు, హైదరాబాదుల మీదుగానే ఉండేది. ఇప్పుడు మొదటి అడుగు ఊరి పక్కనే వేయవచ్చు. ఐసర్‌లో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సులో చివరి ఏడాది దాదాపు పూర్తిగా పరిశోధనకే.

ఈ విద్యకూ క్యాన్సర్ మందుకూ ఉన్న బంధం తెలుగువారికి తెలిసిన ఒక పేరుతోనే మొదలుపెట్టవచ్చు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహిస్తుండగా అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. అది పట్టి ఆపే ప్రోటీన్ పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. కణం డీఎన్ఏ కట్టుకోవడానికి కావలసిన ఫోలేట్‌ను సిద్ధం చేసేది అదే.

మందు వచ్చిన మూడు దశాబ్దాలకు, 1977లో, కాలిఫోర్నియాలో జోసెఫ్ క్రౌట్ ప్రయోగశాల ఆ ప్రోటీన్‌ను మెథోట్రెక్సేట్‌తో కలిపి స్ఫటికం చేసి నిర్మాణం తేల్చింది. మెథోట్రెక్సేట్ చూడడానికి అచ్చం ఫోలేట్ లాగే ఉంటుంది, ఒకటి రెండు చోట్ల మాత్రమే తేడా. కాబట్టి ఫోలేట్ కూర్చున్నట్టే కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆ నిర్మాణం, దాని వెంట వచ్చిన పరిశోధనలు తేల్చింది వేరు. మెథోట్రెక్సేట్ తలభాగంలోని జంట వలయం, ఫోలేట్ వలయంతో పోలిస్తే, నూట ఎనభై డిగ్రీలు తిరగబడి కూర్చుంటుంది. కాగితం మీద రెండు అణువులను పక్కపక్కన గీసి చూసినవారికి ఇది తట్టే అవకాశం లేదు. మందు పనిచేస్తోందని వైద్యులకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఎలా పట్టుకుందో స్ఫటికం చెప్పేదాకా తెలియలేదు.

ఇమాటినిబ్ కథలోనూ ఇలాంటి మలుపే ఉంది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఏబీఎల్ అనే ప్రోటీన్ ఆగకుండా పనిచేస్తూ కణాలను విభజనకు తరుముతుంది. ఏబీఎల్ కైనేజ్ జాతికి చెందినది. మనిషి శరీరంలో కైనేజ్‌లు ఐదు వందలకు పైగా ఉన్నాయి, పనిలో ఉన్నప్పుడు వాటి గుంటలన్నీ ఒకే పోలికలో ఉంటాయి. మరి ఇమాటినిబ్ వాటిలో కొద్దింటినే ఎలా ఎంచుకుంటోంది? 2000లో జాన్ కురియన్ బృందం ఇమాటినిబ్‌కు దగ్గరి అణువుతో ఏబీఎల్ నిర్మాణాన్ని ప్రచురించింది. పనిలో ఉన్న ఏబీఎల్‌ను ఆ మందు పట్టుకోవడం లేదు. పని ఆపి వేరే భంగిమలోకి మళ్లిన ఏబీఎల్‌ను పట్టుకుని, మళ్లీ కదలకుండా బిగిస్తోంది. పనిలేని భంగిమలు కైనేజ్‌కు కైనేజ్‌కు తేడాగా ఉంటాయి కనుక మందు గురి తప్పడం లేదు. 2001లో అమెరికాలో మందుకు అనుమతి వచ్చింది. అదే ఏడాది కొందరు రోగుల్లో మందు పనిచేయడం ఆగిపోవడానికి కారణమూ బయటపడింది. గుంట అంచున, 315వ స్థానంలో, థ్రియోనిన్ బదులు కాస్త పెద్దదైన ఐసోల్యూసిన్ వచ్చి మందుకు అడ్డుపడుతోంది. ఆ అడ్డును తప్పించుకునేలా గీసిన పొనాటినిబ్ 2012లో ఆమోదం పొందింది.

ఇమాటినిబ్‌కు తెలుగు నేలతో సంబంధం కోర్టు మీదుగా ఏర్పడింది. అప్పట్లో నెలకు లక్ష రూపాయలు దాటిన ఈ మందుకు చవకైన రూపాన్ని తయారుచేసిన సంస్థల్లో హైదరాబాద్ నాట్కో ఫార్మా ఒకటి. నోవార్టిస్ పేటెంట్ అడిగింది ఆ అణువుకే సంబంధించిన ఒక ప్రత్యేక స్ఫటిక రూపం మీద. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ పేటెంట్‌ను తిరస్కరించింది. స్ఫటికాల గురించి దేశమంతా మాట్లాడుకున్న అరుదైన సందర్భం అది. అయితే అక్కడి స్ఫటికం మాత్రలోని మందుది, ఇక్కడ చెబుతున్నది ప్రోటీన్‌ది. 

ఇక చేతిపని. మనిషి ప్రోటీన్ కావాలంటే మనిషి కణాలే అక్కర్లేదు. ఆ ప్రోటీన్ తాలూకు జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో చేర్చి ఇ. కోలి బ్యాక్టీరియాలోకి పంపుతారు. లీటర్ల కొద్దీ ద్రవంలో బ్యాక్టీరియాను పెంచి, తగిన సమయంలో ఒక రసాయనం కలిపి ప్రోటీన్ తయారీ మొదలయ్యేలా చేస్తారు. ఉష్ణోగ్రత పద్దెనిమిది డిగ్రీలకు దించి షేకర్‌లో రాత్రంతా తిప్పుతారు. వేడిలో తొందరగా తయారైన ప్రోటీన్ సరిగా ముడుచుకోక ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. తెల్లారాక కణాలను పగలగొట్టి, నికెల్ పూసిన కాలమ్ గుండా పోస్తారు. ప్రోటీన్ చివర ముందే తగిలించి పెట్టిన హిస్టిడిన్ తోక నికెల్‌ను అంటుకుంటుంది, మిగతాదంతా కొట్టుకుపోతుంది. మరో కాలమ్‌లో పరిమాణాన్ని బట్టి వేరుచేస్తారు. జెల్ మీద ఒకే ఒక్క గీత కనబడితే ఆ వారం గట్టెక్కినట్టు.

క్యాన్సర్ కైనేజ్‌లతో ఇంకో చిక్కుంది. అవి బ్యాక్టీరియాలోనూ తమ పని మొదలుపెట్టి ఆతిథ్యమిచ్చిన కణాన్నే చంపేస్తాయి. అందుకని చాలాకాలం వాటిని ఖరీదైన కీటక కణాల్లో పెంచేవారు. 2005లో కురియన్ ప్రయోగశాలకే చెందిన పరిశోధకులు చవకైన ఉపాయం ప్రచురించారు. యెర్సీనియా అనే బ్యాక్టీరియా నుంచి తీసుకున్న ఫాస్ఫటేజ్ ప్రోటీన్‌ను ఏబీఎల్ వెంటే ఇ. కోలిలో తయారు చేయిస్తే, కైనేజ్ చేసిన పనిని అది ఎప్పటికప్పుడు చెరిపేస్తుంది, కణం బతుకుతుంది. పెద్ద పత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కే విషయం కాదిది. కానీ షేకర్, సెంట్రిఫ్యూజ్, ఒక కాలమ్ మాత్రమే ఉన్న మామూలు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు క్యాన్సర్ కైనేజ్‌లను అందుబాటులోకి తెచ్చింది ఇలాంటి పనులే.

శుద్ధి చేసిన ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చే సూత్రం పటికబెల్లం కట్టే సూత్రమే: చిక్కటి ద్రావణంలో నీరు మెల్లగా తగ్గుతూ పోతే అణువులు వరుసలో పేరుకుంటాయి. ఒక మైక్రోలీటర్ ప్రోటీన్ బొట్టులో అంతే రసాయన ద్రావణం కలిపి, మూత కింద వేలాడదీస్తారు. ఏ ఉప్పు, ఎంత ఆమ్లత, ఏ పాలిమర్ సరిపడుతుందో ముందే చెప్పే సిద్ధాంతం లేదు. అందుకే 96 గదుల ట్రేలలో 96 రకాలుగా, అవి చాలకపోతే మరో 96 రకాలుగా పెట్టి చూస్తారు. రోజులు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు, అసలు రాకనూపోవచ్చు. సూక్ష్మదర్శినిలో మెరిసిన మొదటి స్ఫటికం చాలాసార్లు మామూలు ఉప్పుది. సూదితో నొక్కితే ఉప్పు స్ఫటికం గట్టిగా నిలుస్తుంది, ప్రోటీన్ స్ఫటికం పొడిపొడి అవుతుంది. విచిత్రమేమంటే విరిగితేనే సంతోషం.

మిగిలిన మంచి స్ఫటికాన్ని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి ఎక్స్-రేల ముందుకు తీసుకెళ్లాలి. మన దేశంలో అందుకు ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, అందులో ప్రోటీన్ స్ఫటికాల కోసమే ఒక బీమ్‌లైన్ ఉంది. స్ఫటికం మీద పడి చెదిరిన ఎక్స్-రేలు చుక్కల వరుసలుగా నమోదవుతాయి. చుక్కల తీవ్రత తెలుస్తుంది గానీ తరంగాల దశ నమోదు కాదు. ఆ లోటును పూరించడానికి పోలికగల మరో ప్రోటీన్ నిర్మాణాన్ని ఆధారంగా వాడతారు. స్ఫటికం కట్టని పెద్ద ప్రోటీన్లకు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ఉంది. తిరుపతికి దగ్గరలో అలాంటి జాతీయ స్థాయి సదుపాయం బెంగళూరులో ఉంది.

కట్టిన నిర్మాణం సరైనదేనా అని చూసే పరీక్షల్లో అన్నిటికన్నా పేరున్నది తిరుపతికి ఓ మూడు గంటల దూరంలో పుట్టింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ 1963లో ప్రచురించిన రామచంద్రన్ ప్లాట్, ప్రోటీన్ గొలుసులోని ప్రతి కీలు ఏ కోణాల్లో తిరగగలదో, ఏ కోణాల్లో పరమాణువులు ఢీకొంటాయో చూపిస్తుంది. ఎంత ఖరీదైన యంత్రంతో తేల్చిన నిర్మాణమైనా ఈ పటం ముందు నిలబడాల్సిందే.

తేలిన నిర్మాణాలన్నీ ప్రోటీన్ డేటా బ్యాంకులోకి చేరతాయి. 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైన ఆ భాండాగారంలో 2023 నాటికి రెండు లక్షలు దాటాయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. దీనికి తోడు, అమైనో ఆమ్లాల వరుసను బట్టి ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ 2021లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాన్ని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, ప్రోటీన్ల రూపకల్పన చేసిన డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయన నోబెల్ దక్కింది. దశ సమస్యకు ఇప్పుడు చాలామంది ఆల్ఫాఫోల్డ్ నమూనానే ఆధారంగా వాడుతున్నారు.

ఉచితంగా దొరికే ఈ వనరుల వల్లే తిరుపతి లాంటి చోట్ల కంప్యూటర్ మీద మందులు వెతికే పని బాగా పెరిగింది. దీన్ని డాకింగ్ అంటారు: లక్ష్య ప్రోటీన్ గుంటలో వేల అణువులను ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి, ఏది ఎంత బలంగా అతుక్కుంటుందో లెక్కగట్టడం. స్విమ్స్ బయోఇన్ఫర్మాటిక్స్ విభాగం ఏళ్లుగా ఇలాంటి పనులు చేస్తోంది. విశ్వవిద్యాలయాల్లో కొత్త సమ్మేళనాలు తయారుచేసే రసాయన పరిశోధకులు కూడా తమ పత్రాల్లో డాకింగ్ బొమ్మ ఒకటి జోడించడం మామూలైంది. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు, నెల రోజుల్లో ఒక విద్యార్థి నేర్చుకోగలడు. నేర్చుకోవాలి కూడా.

చిక్కల్లా ఆ లెక్కను రుజువనుకోవడంలో ఉంది. ఎక్కువమంది వాడే ఉచిత ప్రోగ్రాం ఆటోడాక్ వీనా ఇచ్చే అంకెల్లో రెండు మూడు కిలోకేలరీల పొరపాటు సహజమని దాన్ని రాసినవారే చెప్పారు. ఒకటిన్నర కిలోకేలరీ తేడా అంటేనే బంధం బలంలో పది రెట్ల తేడా. కాబట్టి మైనస్ 8.6 వచ్చిన అణువు కన్నా మైనస్ 9.1 వచ్చిన అణువు మెరుగని రాసిన వాక్యానికి అర్థం లేదు. పైగా లెక్కలో ప్రోటీన్ చాలావరకు కదలదు. ఏబీఎల్ పనిలో ఉన్న భంగిమలోనే డాకింగ్ చేసి ఉంటే ఇమాటినిబ్‌ను పనికిరాని అణువుగా పక్కనపెట్టేవారు. పసుపులోని కర్క్యుమిన్ ఇంకో రకం హెచ్చరిక. డాకింగ్‌లోనూ పరీక్షనాళికలోనూ అది దాదాపు ప్రతి లక్ష్యానికీ అతుక్కున్నట్టు కనిపిస్తుంది, అస్థిరమైన అణువు కావడం వల్ల పరీక్షలనే తప్పుదారి పట్టిస్తుంది. నేలవేము మీదో ఎర్రచందనం మీదో పనిచేసే విద్యార్థి ముందు తేల్చుకోవాల్సింది, అణువు నిజంగా ప్రోటీన్‌ను పట్టుకుందా అన్నది. అది తేల్చడానికి గ్రాముల్లో ప్రోటీన్ అక్కర్లేదు, కొన్ని మిల్లీగ్రాములు చాలు. ఆ మిల్లీగ్రాములు చేసే ఓపిక ఉన్నచోట డాకింగ్ బొమ్మకు విలువ వస్తుంది.

నిర్మాణం చేతిలో ఉన్నా దారి దొరకని ప్రోటీన్‌కు పెద్ద ఉదాహరణ రాస్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మరియానో బార్బాసిడ్ తదితరులతో కలిసి 1982లో ఒక మూత్రాశయ క్యాన్సర్ జన్యువును చదివారు. రాస్ ప్రోటీన్‌లో 12వ స్థానంలోని గ్లైసిన్ వేలిన్‌గా మారడమే కణం గాడి తప్పడానికి కారణమని తేలింది. ఇతర బృందాలూ అదే ఏడాది ఈ నిర్ధారణకే వచ్చాయి. 1980ల చివరికల్లా రాస్ నిర్మాణం కూడా దొరికింది. చూస్తే నున్నగా ఉంది, మందు దూరడానికి చెప్పుకోదగ్గ గుంట లేదు. మందుకు లొంగని ప్రోటీన్‌గా దానికి పాతికేళ్లపాటు ముద్ర పడింది.

ఆ ముద్ర 2013లో చెదిరింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కెవన్ షోకట్ ప్రయోగశాల, రాస్ కుటుంబానికే చెందిన కేరాస్‌లో 12వ స్థానంలో సిస్టీన్ వచ్చిన రూపాన్ని తీసుకుని, సిస్టీన్‌కు అంటుకునే చిన్న అణువులను దానితో కలిపి చూసింది. అంటుకున్నవాటితో స్ఫటికాలు కట్టగా, అంతకుముందు ఏ నిర్మాణంలోనూ కనిపించని గుంట ఒకటి అణువు కింద తెరుచుకుని కనిపించింది. ఆ పత్రం మొదటి రచయిత జోనథన్ ఆస్ట్రెమ్ అప్పటికి విద్యార్థి. ఆ గుంటను ఆధారం చేసుకున్న సోటోరాసిబ్‌కు 2021లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మందుగా అమెరికాలో అనుమతి లభించింది.

ప్రేమ్‌కుమార్ రెడ్డి బృందం రాస్‌ను వేరే దారిలో పట్టే ప్రయత్నం చేసింది. వారి అణువు రిగోసెర్టిబ్ స్టైరిల్ సల్ఫోన్ కుటుంబానికి చెందినది. అసంతృప్త సల్ఫోన్ల తయారీ తిరుపతికి పాత పరిచయమే, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ రసాయన శాఖలో డి. భాస్కర్ రెడ్డి, వి. పద్మావతి ఆ అణువుల మీద చాలాకాలం పనిచేశారు. రాస్‌ను అందుకునే ప్రోటీన్లకు రిగోసెర్టిబ్ అతుక్కుని రాస్ సందేశాన్ని ఆపుతోందని ప్రేమ్‌కుమార్ రెడ్డి బృందం 2016లో ప్రకటించింది. మరుసటి ఏడాదే మరో బృందం, జన్యువులను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ పెంచుతూ చేసిన పరీక్షలతో, రిగోసెర్టిబ్ నిజానికి కణ విభజనకు కావలసిన ట్యూబ్యులిన్‌ను దెబ్బతీస్తోందని వాదించింది. ట్యూబ్యులిన్‌లో రిగోసెర్టిబ్ కూర్చున్న స్ఫటిక నిర్మాణాన్నీ చూపించింది. బజారులో కొన్న సరుకులో ఉన్న మలినం వల్ల అలా జరిగిందని రెడ్డి బృందం 2020లో జవాబిచ్చింది. శుద్ధమైన మందుతోనూ అదే ఫలితం వస్తోందని అవతలివారు బదులిచ్చారు. ఈలోగా, ఎముక మజ్జ వ్యాధి ఉన్న రోగుల్లో రిగోసెర్టిబ్ తుది దశ పరీక్ష ఆయుష్షు పెంచలేకపోయిందని 2020లో తేలింది. స్ఫటికంలో అణువు కూర్చుందంటే అక్కడ కూర్చోగలదని మాత్రమే అర్థం. రోగి శరీరంలో పనిచేసేది ఆ బంధమేనా అన్నదానికి కణాల మీద, జన్యువుల మీద విడిగా రుజువులు కావాలి.

ఇక ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థికి తొలి మెట్టు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లేదా గేట్. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదేళ్లు మామూలు. ప్రోటీన్ మొండికేస్తే ఆరు. ఆపైన పోస్ట్‌డాక్ మరో మూడు నుంచి ఐదేళ్లు. ముప్పై ఐదేళ్ల దాకా స్థిరమైన ఉద్యోగం లేకుండా గడిచే ఈ కాలాన్ని దాటించడానికి హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్, విదేశాల నుంచి తిరిగొచ్చేవారికి రామలింగస్వామి ఫెలోషిప్, కొత్తగా అధ్యాపకులైనవారికి అనుసంధాన్ ఫౌండేషన్ గ్రాంటు లాంటివి ఉన్నాయి. పోటీతో పోలిస్తే ఇవి తక్కువే.

అధ్యాపక వృత్తి వద్దనుకునేవారికి ఔషధ సంస్థలున్నాయి. డాక్టర్ రెడ్డీస్ అనుబంధ సంస్థ ఆరిజీన్ బెంగళూరు, హైదరాబాదుల్లో నిర్మాణం ఆధారంగా క్యాన్సర్ అణువులను రూపొందిస్తోంది. అక్కడ పుట్టిన ఐరాక్-4 అనే ప్రోటీన్‌ను ఆపే ఇమావుసెర్టిబ్ అమెరికా సంస్థ క్యూరిస్ చేతుల మీదుగా రోగుల్లో పరీక్షల దాకా వెళ్లింది. ఇలాంటి చోట్ల జీవశాస్త్ర విభాగంలో కొత్తగా చేరినవారికి ముందుగా ఎదురయ్యే పని ప్రోటీన్ తయారీ, దానికి అణువు అతుక్కుందో లేదో కొలవడం. డాకింగ్, మోడలింగ్ చేసేవారిది పక్క బల్ల. ఒక అణువును ముందుకు తీసుకెళ్లాలా ఆపేయాలా అన్న నిర్ణయం ఆ రెండు బల్లల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూశాకే జరుగుతుంది.